పన్నెండు నిమిషాల రేవు

సఖినేటిపల్లి రేవులో పంటు కదిలితే
నర్సాపురం ఒడ్డు తగలడానికి పన్నెండు నిమిషాలు.
ప్రకాశరత్నం మాస్టారు ఒక్కో పాసేజీకి ఇచ్చిన టైమూ అంతే.
అందుకే నాకు వాచీ లేదు. గోదారుంది.

మోటారు సైకిళ్ల సందులో, పీతల బుట్ట పక్కన,
కొబ్బరికాయల బస్తా మీద కూర్చుంటాను.
ఇంజను దడకి కాగితం మీద అక్షరాలు
ఎసట్లో బియ్యంలా ఎగురుతాయి.
మొదట ప్రశ్నలు చదవాలి, తర్వాతే పాసేజీ.
ముందు తీర్పు, వెనక తగువు.

సోమవారం తేనెటీగలు.
మంగళవారం ఎవరో ఆర్థికవేత్త బాల్యం.
బుధవారం మంచు మీద ఎలుగుబంట్ల ఆకలి.
నా చెమట చుక్క పడి
ఒక ఎలుగుబంటి పూర్తిగా తడిసిపోయింది.

గురువారం, ఏదో చలిదేశంలో ఒక ఓడ.
ఏటి మొగ దగ్గర ఆరు గంటలు ఆగిపోయింది.
అందులో ఒక మాట: ఎబ్.
మూడే అక్షరాలు, చివరి రెండూ కవలలు.
డిక్షనరీ ఇంట్లో మర్చిపోయాను.
సరంగు కామరాజు బాబాయిని అడిగితే
"దానికి ముందూ ఎనకా ఏవుందో సెప్పు" అన్నాడు.
సరిగ్గా మాస్టారి మాటే, చుట్ట వాసనతో.
చెప్పాను: నీళ్లు వెనక్కి పోతున్నాయి,
బురద బయటపడింది, కొంగలు దిగాయి.
"పాటమ్మా. పోటు ఎల్లిపోయాక వచ్చేది.
దీనికి మళ్లీ ఇంగిలీసెందుకు?"

మూడో ప్రశ్న: కెప్టెన్ ఎందుకు ఆగాడు?
ఎ, పిరికితనం. బి, పొగమంచు.
సి, జీతం గొడవ. డి, ఆటుపోట్లు.
కళ్లు మూసుకుని డి పెట్టాను.
అంతర్వేది మొగలో, ఇసక మేటల మీదికి
పాటు వేళ ఎవడైనా ఓడ తోలుకొస్తాడా?

తప్పు. జవాబు ఎ.
పద్నాలుగో వరసలో రాశాడట, అతను ధైర్యవంతుడు కాడని.
పావు మార్కు కోత.
"సత్యవేణీ, నీకేం తెలుసని వాళ్లు అడగలేదు.
పాసేజీలో ఉన్నదే లోకం.
బయటిది తెచ్చావో, మునిగావు."

ఆ రోజు నుంచీ మర్చిపోవడం ప్రాక్టీసు చేశాను.
వరి గురించి వస్తే, ఆకుమడి వాసన ఎరగనట్టు.
తుఫాను గురించి వస్తే,
మా వంటింటి తాటాకులు ఎవరి చేలో దొరికాయో
గుర్తే లేనట్టు.
పంటు ఎక్కేముందు నన్ను నేను
చెప్పుల్లా రేవులో విడిచేదాన్ని.

ఇన్ఫరెన్స్ ఒక్కటే లొంగలేదు.
రాయనిది చదవాలట, అలాగని ఊహించకూడదట.
రోజూ పంటు మీద లేసు అల్లుకునే ఆవిడ ఉంది,
పేరెప్పుడూ అడగలేదు.
సూది వంక చూడదు, మాట్లాడుతూనే అల్లుతుంది.
"ఇందులో పువ్వు ఎక్కడుందండీ?" అన్నాను.
దారం లేని చోట వేలు దూర్చి చూపించింది.
ఆ వారం ఐదుకి నాలుగు.

పరీక్ష భీమవరంలో.
ఏసీ చలికి గోళ్లు నీలంగా మారాయి.
తెర మూలన పన్నెండు నిమిషాలు వెనక్కి నడిచాయి,
అవతలి ఒడ్డు మాత్రం కనపడలేదు.
ఆఖరి పాసేజీ ఒక నది. పేరు పలకడం రాలేదు.
ఐదో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది.
రెండు జవాబులు: ఒకటి వాళ్లది, ఒకటి నీళ్లది.

సాయంత్రం, ఆఖరి పంటు.
"ఎన్ని పడతాయమ్మాయ్?"
"చివరి దాన్లో ఆరుకి ఐదు పడతాయి బాబాయ్."
"ఆ ఒక్కటో?"
"అది నాకు తెలిసింది."

నవ్వుతాడనుకున్నాను.
చుక్కాని మీద చెయ్యి తీయకుండా నీళ్ల వంక చూసి,
"పాటు జోరుగా ఉంది,
కాస్త ఎగువకి పట్టాలి" అన్నాడు.